బ్యాండ్ వచ్చింది, మరి బ్యాక్టీరియా ఉన్నట్టేనా?

పురుగుల కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా గురించి, బయట పట్టుకొచ్చిన పురుగులో దాన్ని పీసీఆర్‌తో కనిపెట్టడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. పీసీఆర్ అంటే ఎంచుకున్న డీఎన్ఏ ముక్కకు కోట్లాది నకళ్లు తీసే పద్ధతి. ఆ నకళ్లు జెల్ మీద గీతలా కనిపిస్తే దాన్నే బ్యాండ్ అంటాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో పీసీఆర్ మెషీన్, జెల్ ట్యాంకు ఉన్నాయి కానీ వాడకం తక్కువ. చుట్టుపక్కల పురుగుల్లో బ్యాక్టీరియా ఉందేమో పిల్లలతో పరీక్ష చేయించాలని ఉంది. ఏ పురుగుతో మొదలుపెట్టమంటారు?
– జంతుశాస్త్ర అధ్యాపకురాలు, నల్లగొండ

జవాబు: మురుగు కాలువ దోమతో. అదే క్యూలెక్స్ క్వింక్వీఫేసియేటస్. గోధుమ రంగులో ఉంటుంది, ఈడిస్ దోమకున్నట్టు కాళ్ల మీద తెల్ల పట్టీలు ఉండవు. సాయంత్రం కాలువ గట్టునో సెప్టిక్ ట్యాంకు గొట్టం దగ్గరో నిలబడితే చాలు, అదే వెతుక్కుంటూ వస్తుంది. వోల్బాకియాను మొట్టమొదట 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే శాస్త్రవేత్తలు చూసింది కూడా క్యూలెక్స్ దోమలోనే. మన మురుగు దోమల్లో ఇది దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. కాబట్టి మొదటి ప్రయోగంలో బ్యాండ్ రాకపోతే తప్పు దోమది కాదు, మన చేతిదేనని తెలిసిపోతుంది. చెయ్యి కుదిరాక తెలియని పురుగుల జోలికి వెళ్లండి. అప్పుడు ఈ దోమే మీకు పాజిటివ్ కంట్రోల్ అవుతుంది, పైసా ఖర్చు లేకుండా.

వోల్బాకియానే ఎందుకంటే, అది మనిషికి సోకదు. పురుగు కణం బయట, మామూలు కల్చర్ ప్లేటు మీద పెరగదు. అంటే డీఎన్ఏ దారి తప్ప దాన్ని పట్టుకునే తేలిక దారి లేదు. పైగా నేల మీద తిరిగే కీటకాలు, సాలెపురుగుల వంటి జాతుల్లో ఐదింట రెండింటిలో ఉంటుందని ఒక అంచనా, అంతకంటే ఎక్కువేనని ఇంకొకటి. పిల్లలు తెచ్చే పురుగుల్లో కొన్నింటిలోనైనా దొరకడం ఖాయం.

ఒక మాట. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా ఈగను కూడా పట్టకూడదు. కొన్ని సీతాకోకచిలుకలకు, పెంకు పురుగులకు ఎక్కడున్నా 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కాలేజీ ఆవరణ, మార్కెట్ యార్డు, వరిపొలం గట్టు చాలు.

ప్రశ్న: పోయిన వేసవిలో పట్టిన పురుగులను సర్జికల్ స్పిరిట్‌లో వేసి దాచాం. నాలుగు నెలల తర్వాత డీఎన్ఏ తీస్తే ఒక్కదానిలోనూ ఏమీ రాలేదు. స్పిరిట్ తప్పా?
– బీఎస్సీ విద్యార్థులు, తెనాలి

జవాబు: స్పిరిట్ మీద అనుమానం న్యాయమే, కానీ దానికంటే ముందు రెండు విషయాలు చూసుకోండి. పురుగు చనిపోయాక ఎంతసేపటికి సీసాలో పడింది? ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద గంట ఉన్న పురుగులో కణాలు తమ ఎంజైములతో తామే డీఎన్ఏను ముక్కలు చేసుకుంటాయి. ప్రాణంతో ఉండగానే ఆల్కహాల్‌లో వేయాలి. రెండోది, సీసా నిండా పురుగులు కుక్కారా? పురుగు ఒంట్లో నీరు ఎక్కువ. చిక్కటి ఆల్కహాల్ పోసినా లోపలి నీటితో పలచబడిపోతుంది. ఒక వంతు పురుగుకు పది వంతుల ఆల్కహాల్ ఉండాలి. మర్నాడు ఆ ఆల్కహాల్ వంపేసి కొత్తది పోయాలి. బొద్దింక, గొల్లభామ లాంటి లావు పురుగుల పొట్ట కింద సూదితో ఒక గాటు పెడితే ఆల్కహాల్ లోపలికి దిగుతుంది.

వాడాల్సింది 95 శాతానికి తగ్గని ఇథనాల్. సర్జికల్ స్పిరిట్‌లో తాగకుండా కలిపే పదార్థాలు సీసాసీసాకీ మారతాయి, కొన్ని డీఎన్ఏకు చేటు. గత్యంతరం లేకపోతే వారం పది రోజులకు పనికొస్తుంది, నాలుగు నెలలకు కాదు. అసలు ఆల్కహాలే దొరకకపోతే బతికున్న పురుగును పొడి ట్యూబులో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టకుండా చూసుకోవాలి, అంతే. ఫార్మలిన్ మాత్రం ముట్టుకోవద్దు. అది డీఎన్ఏను ప్రోటీన్లకు అతికించేస్తుంది. మ్యూజియం జాడీల్లో తేలే పురుగుల మీద ఆశ పెట్టుకోవద్దు.

సీసాలో వేసే కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి నీలి రంగు నీళ్లు మిగులుతాయి. పురుగును నలిపే ముందు సెల్‌ఫోన్‌తో పైనుంచి, పక్కనుంచి ఫొటో తీయడం మరవద్దు. తర్వాత అది ఏ పురుగో చెప్పడానికి మిగిలేది ఆ ఫొటో, ఒకట్రెండు కాళ్లు మాత్రమే.

ప్రశ్న: కిట్ కొనే స్తోమత లేదు. తక్కువ ఖర్చులో డీఎన్ఏ తీసే పద్ధతి వివరంగా చెప్పండి. పురుగు మొత్తాన్నీ నూరాలా, ముక్క చాలా?
– వరంగల్, కర్నూలు, బళ్లారి నుంచి ముగ్గురు పాఠకులు

జవాబు: ముక్కే మేలు. అది కూడా పొట్ట చివరి మూడో వంతు. వోల్బాకియా తల్లి నుంచి గుడ్డులోకి దిగే బ్యాక్టీరియా కాబట్టి అండాశయాల్లో మందంగా ఉంటుంది. మగ పురుగైతే వృషణాల్లో చూడాలి. దోమంత పురుగైతే పొట్ట మొత్తం తీసుకోండి. గొల్లభామ అంతదైతే బియ్యపు గింజలో సగం ముక్క చాలు. "ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్ఏ వస్తుంది కదా" అనుకునే చోటే చాలామంది దెబ్బతింటారు. ఎక్కువ కండతో పాటు ఎక్కువ రంగు పదార్థాలు, ఎక్కువ పెంకు మెలనిన్ వస్తాయి. ఇవి పీసీఆర్‌లో నకళ్లు తీసే టాక్ ఎంజైమును పని చేయనివ్వవు.

తల తీసేయండి. కంటి రంగు పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. క్యూలెక్స్ దోమలోనే, తల తీసేసి చేస్తే వోల్బాకియా మెరుగ్గా దొరికిందని పరీక్షించి చూపిన వ్యాసం ఉంది. అలాగే రక్తం తాగి పొట్ట ఎర్రగా ఉబ్బిన దోమను పక్కన పెట్టండి, రక్తంలోని హీమ్ కూడా అదే పని చేస్తుంది.

ఇక పద్ధతి. కీలెక్స్ అనే రెజిన్ పొడి ఒక సీసా కొంటే కాలేజీకి ఏళ్ల తరబడి వస్తుంది. 0.5 గ్రాముల పొడి 10 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో వేస్తే 5 శాతం ద్రావణం. ఇది కరగదు, ఇసుకలా అడుక్కు దిగుతుంది. అందుకే ప్రతిసారీ కదిలిస్తూ, కొన కత్తిరించిన టిప్‌తో తీయాలి. లేకపోతే మొదటి ట్యూబులోకి పూసలు, చివరి ట్యూబులోకి ఉత్త నీళ్లు వెళ్తాయి.

ఆల్కహాల్‌లోంచి తీసిన పురుగును టిష్యూ కాగితం మీద అద్ది, పది నిమిషాలు ఆరనివ్వండి. ఆల్కహాల్ మిగిలితే తర్వాతి ఎంజైము దెబ్బతింటుంది. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపి, అందులో అర నిమిషం ముంచి, శుద్ధమైన నీటితో మూడుసార్లు కడగండి. వోల్బాకియా లోపల ఉంటుంది కాబట్టి పైపై కడుగుడు దాన్ని ఏమీ చేయదు, పక్క పురుగు నుంచి అంటుకున్నది మాత్రం పోతుంది. ముక్కను 1.5 మిల్లీలీటర్ల ట్యూబులో వేసి, ప్లాస్టిక్ రోకలితో నూరండి. రోకలి లేకపోతే టిప్ కొసను మంట దగ్గర మొద్దుబార్చి వాడుకోవచ్చు. ఒక్కో పురుగుకు కొత్తది. 150 మైక్రోలీటర్ల కీలెక్స్ ద్రావణం, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ప్రోటీనేజ్-కె 2 మైక్రోలీటర్లు వేసి, 56 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. వీలైతే రాత్రంతా. తర్వాత 95 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు. ఈ చివరి వేడి తప్పనిసరి. ప్రోటీనేజ్ చావకపోతే పీసీఆర్‌లో టాక్ ఎంజైమునే తినేస్తుంది. మూతలు ఎగిరిపోకుండా క్లిప్ పెట్టండి. 13,000 ఆర్‌పీఎం దగ్గర మూడు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనున్న తేట ద్రవం 80 మైక్రోలీటర్లు కొత్త ట్యూబులోకి తీసుకోండి.

ఇక్కడే అసలు ప్రమాదం. కీలెక్స్ పూసల పని మెగ్నీషియం అయాన్లను పట్టుకోవడం. పీసీఆర్‌కు మెగ్నీషియమే ప్రాణం. రెండు మూడు పూసలు టిప్‌లో చిక్కి పీసీఆర్ ట్యూబులోకి వెళ్తే ఆ ట్యూబు అక్కడితో అయిపోయినట్టే. కాబట్టి అడుగు దాకా పీల్చవద్దు. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్రతిసారీ మళ్లీ తిప్పాకే వాడండి.

కీలెక్స్ డీఎన్ఏను స్వచ్ఛత కొలిచే నానోడ్రాప్‌లో చదివి 260, 280 నిష్పత్తి బాగాలేదని బెంగపడుతూ కొందరు రాశారు. అది బాగుండదు. ఉడికించాం కాబట్టి డీఎన్ఏ ఒంటిపోగుగా ఉంటుంది, అందులో ప్రోటీన్ కూడా మిగిలి ఉంటుంది. ఆ అంకెను వదిలేసి పీసీఆర్‌కు వెళ్లండి.

ప్రశ్న: ఏ ప్రైమర్లు, ఎంతెంత, ఏ ఉష్ణోగ్రతలు?
– పీజీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ప్రైమర్లంటే వెతికే ముక్క రెండు చివరలకు అతికే చిన్న డీఎన్ఏ తునకలు. రెండు జతలు కావాలి. వోల్బాకియా 16ఎస్ జన్యువుకు డబ్ల్యూ-స్పెక్ జత. ఇది 438 అక్షరాల ముక్కనిస్తుంది. పురుగు సొంత మైటోకాండ్రియాలోని సీఓ1 జన్యువుకు ఫోల్మర్ ప్రైమర్లు, అంటే ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198. ఇవి 700 పైచిలుకు అక్షరాల ముక్కనిస్తాయి. రెండో జత మీద డబ్బు దండగ అనుకోవద్దు. వోల్బాకియా బ్యాండ్ రానప్పుడు "బ్యాక్టీరియా లేదు" అనాలా, "డీఎన్ఏ రాలేదు" అనాలా అని తేల్చేది అదొక్కటే.

ప్రైమర్లు పొడిగా వస్తాయి. మూత తీయకముందే ఒకసారి తిప్పండి, పొడి మూతకు అంటుకుని ఉంటుంది. ట్యూబు మీద 25.4 నానోమోల్ అని ఉంటే 254 మైక్రోలీటర్ల నీరు పోస్తే 100 మైక్రోమోలార్ స్టాక్ అవుతుంది. అందులోంచి 10 తీసి 90 నీటిలో కలిపితే వాడకానికి 10 మైక్రోమోలార్.

ఒక్కో ట్యూబుకు 25 మైక్రోలీటర్లు: 2ఎక్స్ మాస్టర్ మిక్స్ (టాక్, బఫర్ వగైరా ముందే కలిపి ఉన్నది) 12.5, ప్రైమర్లు ఒక్కోటి 1, నీరు 8.5, డీఎన్ఏ 2. ఎనిమిది ట్యూబులుంటే తొమ్మిదింటికి సరిపడా కలపండి, పిపెట్ గోడలకు అంటుకునేది ఎప్పుడూ కొంత పోతుంది. మిక్స్ 112.5, ప్రైమర్లు 9, 9, నీరు 76.5, మొత్తం 207. ఒక్కో ట్యూబులో 23 పోసి, చివర డీఎన్ఏ 2 కలపండి. 94 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు, తర్వాత 94 దగ్గర 30 సెకన్లు, 55 దగ్గర 45 సెకన్లు, 72 దగ్గర ఒక నిమిషం చొప్పున 35 సైకిళ్లు, చివర 72 దగ్గర 10 నిమిషాలు. సీఓ1 జతకు 55 బదులు 50 పెట్టండి. నాలుగు ప్రైమర్లూ ఒకే ట్యూబులో వేసే పద్ధతీ ఉంది కానీ, కొత్తవాళ్లు వేరువేరుగా చేస్తేనే మంచిది. కలిపినప్పుడు ఎక్కువ సరుకున్న జత రెండోదాన్ని మింగేస్తుంది.

డీఎన్ఏ పోసే వరసలో కూడా పద్ధతి ఉంది. ముందు తెలియని పురుగులు, తర్వాత పాజిటివ్ దోమ. అన్నిటికంటే చివర నీళ్ల ట్యూబు, అంటే డీఎన్ఏ బదులు నీళ్లు పోసేది. నీళ్ల ట్యూబు ముందే మూసేస్తే, తర్వాత జరిగిన చిందులాటకు అది సాక్ష్యం చెప్పలేదు.

ప్రశ్న: జెల్‌లో అన్ని లేన్లలోనూ బ్యాండ్ వచ్చింది, నీళ్ల లేన్‌లో కూడా. కొంచెం పలచగా ఉంది కాబట్టి వదిలేయవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వదిలేయకూడదు. ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టకే. నీళ్లలో 438 దగ్గర బ్యాండ్ వచ్చిందంటే పురుగుల లేన్లలో వచ్చినవాటిలో ఏది పురుగుదో ఏది కలుషితమో విడదీయలేం. బాధగానే ఉంటుంది, కానీ ఇందులో బేరాల్లేవు.

ముందు నీళ్లు, ప్రైమర్ల వాడకపు ట్యూబులు పారేసి స్టాక్ నుంచి కొత్తగా కలపండి. చిన్న ట్యూబుల్లో పంచిపెట్టుకునేది ఇందుకే. తర్వాత ఆలోచించాల్సింది చోటు. పీసీఆర్ అయిపోయిన ఒక్క ట్యూబులో ఆ 438 ముక్కలు కోట్లాది ఉంటాయి. దాన్ని టప్‌మని తెరిచిన బల్ల మీదే మర్నాడు కొత్త మిక్స్ కలిపితే గాలిలో లేచిన తుంపర చాలు. జెల్ గది వేరు, మిక్స్ గది వేరు. రెండు గదులు లేకపోతే కనీసం రెండు మూలలు, రెండు పిపెట్లు. మిక్స్ బల్లను బ్లీచ్ నీటితో తుడిచి, పది నిమిషాలాగి నీటితో తుడవండి. స్పిరిట్‌తో తుడిస్తే డీఎన్ఏ చావదు.

అయితే నీళ్ల లేన్‌లో కనిపించింది 100 కంటే కింద, మసకగా, మబ్బులా ఉంటే అది కాలుష్యం కాదు. ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్న ముద్ద, ప్రైమర్ డైమర్ అంటారు. దానికి కంగారు అక్కర్లేదు. అందుకే పక్కన 100 ల్యాడర్, అంటే తెలిసిన పొడవుల డీఎన్ఏ గీతల కొలబద్ద, తప్పనిసరి. మీ బ్యాండ్ 400, 500 గీతల మధ్య, 400కు కాస్త దగ్గరగా నిలవాలి.

జెల్ విషయానికి వస్తే, 50 మిల్లీలీటర్ల 1ఎక్స్ టీఏఈ బఫర్‌లో 0.75 గ్రాముల అగరోజ్ వేస్తే 1.5 శాతం. ఉత్త నీటిలో పోసి కరెంటు పారలేదేమని అడిగిన ఉత్తరం ఒకటుంది. జెల్ లోపలా బయటా బఫరే ఉండాలి. గుంటలు నల్ల వైరు వైపు, డీఎన్ఏ పరుగు ఎర్ర వైరు వైపు. తిరగేసి పెడితే పది నిమిషాల్లో శాంపిళ్లన్నీ వెనక్కి నడిచి బఫర్‌లో కలిసిపోతాయి. డీఎన్ఏ కనిపించేందుకు ఇథిడియం బ్రోమైడ్ రంగు వాడేవాళ్లు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. ఆ గ్లవ్స్‌తోనే తలుపు గడియ పట్టుకుంటే వేసుకుని ప్రయోజనం లేదు.

ప్రశ్న: ఏ లేన్‌లోనూ ఏమీ లేదు. ల్యాడర్ మాత్రం ఉంది.
– ఒంగోలు, సిద్దిపేట నుంచి

జవాబు: పాజిటివ్ దోమ కూడా రాలేదంటే తప్పు మిక్స్‌లోనో మెషీన్‌లోనో ఉంది. పాజిటివ్ వచ్చి, మీ పురుగులో వోల్బాకియా, సీఓ1 రెండూ రాకపోతే ఆ పురుగు డీఎన్ఏ సరిగా లేదు, లేదా ఏదో అడ్డుకుంటోంది. తేల్చుకోవడానికి డీఎన్ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టండి. వింతగా అనిపిస్తుంది కానీ, డీఎన్ఏ తగ్గిస్తే బ్యాండ్ వచ్చిన సందర్భాలు చాలా ఉంటాయి. దానితో పాటు అడ్డుపడే పదార్థమూ పలచబడుతుంది కదా. అప్పటికీ రాకపోతే బీఎస్ఏ ప్రోటీన్, చివరి గాఢత మైక్రోలీటరుకు 0.1 నుంచి 0.4 మైక్రోగ్రాములు ఉండేలా కలపండి. కందిరీగలు, చీమల్లో మాత్రం సీఓ1 రాకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఫోల్మర్ ప్రైమర్లు కొన్ని జాతులకు సరిగా అతకవు. అక్కడ 28ఎస్ జన్యువు ప్రైమర్లు ప్రయత్నించండి.

ప్రశ్న: శుభ్రంగా చేశాం. నీళ్లలో ఏమీ లేదు, పాజిటివ్‌లో వచ్చింది, మా పురుగులోనూ 438 దగ్గర చక్కటి బ్యాండ్ వచ్చింది. "ఈ పురుగుకు వోల్బాకియా సోకింది" అని ప్రాజెక్టు రిపోర్టులో రాసేయవచ్చు కదా?
– పీజీ విద్యార్థులు, తిరుపతి

జవాబు: "ఈ పురుగు నుంచి తీసిన డీఎన్ఏలో వోల్బాకియా 16ఎస్ ముక్క దొరికింది" అని రాయండి. ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరముందో చూడండి.

మీరు నూరింది ఒక్క పురుగునేనా? గొంగళి పురుగు ఒంట్లో కందిరీగ జాతి పరాన్నజీవి పిల్ల పెరుగుతూ ఉండొచ్చు, పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ పిల్లలో వోల్బాకియా ఉంటే మీ గొంగళి ఖాతాలో పడుతుంది. సాలెపురుగు, తూనీగ, అక్షింతల పురుగు నిన్న తిన్న ఆహారం కూడా అంతే. ఇలాంటి వేట పురుగులను రెండు రోజులు పస్తుంచి, పేగు తీసేసి, అండాశయం ఒక్కటే పరీక్షిస్తే ఈ అనుమానం చాలావరకు తీరుతుంది.

బోదకాలు ఉన్న ఊళ్లలో పట్టిన దోమైతే ఇంకో చిక్కు. బోదకాలు పురుగు వుచెరేరియాకూ తన సొంత వోల్బాకియా ఉంది. ఆ జబ్బు పరిశోధనల్లో డాక్సీసైక్లిన్ వాడింది దాన్ని చంపడానికే. దోమ మింగిన ఆ సన్నపురుగు వల్ల కూడా బ్యాండ్ రావచ్చు. పురుగుల్లోని వోల్బాకియా ఎక్కువగా ఏ, బీ గుంపులది, బోదకాలు పురుగులది డీ గుంపుది. బ్యాండ్‌ను సీక్వెన్సింగ్‌కు పంపితే తేడా తెలిసిపోతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు పురుగు క్రోమోజోముల్లోనే ఉంటుంది. పెసలు, శనగల డబ్బాలో కనిపించే పుచ్చు పురుగు కేలోసోబ్రూకస్ కైనెన్సిస్ తెలుసు కదా. జపాన్ శాస్త్రవేత్తలు దానిలో మూడు రకాల వోల్బాకియా ఉన్నట్టు చూసి, తీరా తరచి చూస్తే మూడోది బ్యాక్టీరియానే కాదని 2002లో తేల్చారు. ఎప్పుడో వోల్బాకియా డీఎన్ఏ ముక్కొకటి పురుగు ఎక్స్ క్రోమోజోములోకి దూరి అక్కడే స్థిరపడింది. మన దేశంలో పండ్ల దగ్గర ముసిరే డ్రోసోఫిలా అననాసేలో అయితే దాదాపు మొత్తం వోల్బాకియా జీనోమే ఈగ క్రోమోజోములో ఉందని 2007లో బయటపడింది. ఇలాంటి ఈగలో బ్యాక్టీరియా చచ్చిపోయినా పీసీఆర్ బ్యాండ్ ఇస్తూనే ఉంటుంది.

దీన్ని ఎలా విడదీయాలి? పురుగును పెంచగలిగితే తేలికే. టెట్రాసైక్లిన్ కలిపిన మేతతో రెండు మూడు తరాలు పెంచండి. మందుకు బ్యాక్టీరియా పోతుంది, క్రోమోజోములో కుదురుకున్న ముక్క పోదు. మందు ఆపాక ఒకట్రెండు తరాలు ఆగి పరీక్షించండి, లేకపోతే చనిపోయిన బ్యాక్టీరియా అవశేషాలు మోసం చేస్తాయి. ఇంకో దారి పెళ్లిళ్లు చేయడం. బ్యాండ్ ఉన్న మగ, లేని ఆడ. పిల్లల్లో బ్యాండ్ వస్తే అది తండ్రి నుంచి వచ్చింది. వోల్బాకియా తల్లి నుంచే దిగుతుంది కాబట్టి, ఆ బ్యాండ్ క్రోమోజోముదేనని గట్టిగా అనుమానించాలి.

సరే, బ్యాక్టీరియానే ఉందనుకోండి. అది పురుగును ఏం చేస్తోందో బ్యాండ్ చెప్పదు. హైపోలిమ్నాస్ బొలీనా అనే సీతాకోకచిలుక మన దగ్గరా ఎగురుతుంది. సమోవా దీవుల్లో వోల్బాకియా దీని మగ పిండాలను చంపేస్తూ వచ్చింది. 2001లో మగవి నూటికి ఒకటే. 2006 నాటికి దాదాపు నలభై. బ్యాక్టీరియా పోలేదు, దాని పని సాగనివ్వని జన్యువు సీతాకోకచిలుకల్లో వ్యాపించింది. ఆ రెండు ఏళ్లలో పట్టిన ఆడవాటిని పక్కపక్క లేన్లలో పరిగెత్తిస్తే రెండు బ్యాండ్లూ ఒకేలా ఉంటాయి.

ప్రశ్న: పది తెల్లదోమలను పరీక్షించాం. సీఓ1 పదింటిలోనూ వచ్చింది, వోల్బాకియా ఒక్కదానిలోనూ రాలేదు. మా పత్తి చేలో తెల్లదోమకు వోల్బాకియా లేదనవచ్చా?
– వ్యవసాయ డిప్లొమా విద్యార్థి, ఆదిలాబాద్

జవాబు: సీఓ1 చూసుకున్నందుకు ముందుగా మెచ్చుకోవాలి. కానీ పదింటిలో సున్నా వచ్చిందంటే, చేలోని తెల్లదోమల్లో నాలుగో వంతుకు ఉన్నా అలా జరగొచ్చు. లెక్క ఇది: 26 శాతానికి సోకి ఉన్నా పదికి పదీ సోకనివే చేతికి చిక్కే అవకాశం నూటికి ఐదు పాళ్లు. పదో వంతుకు సోకి ఉంటే, కనీసం ఒక్కటైనా దొరుకుతుందని 95 పాళ్లు నమ్మాలంటే 29 పురుగులు కావాలి. ఇరవయ్యో వంతుకైతే 59. అవి కూడా ఒకే ఆకు మీదివి కాకూడదు, ఒకే తల్లి పిల్లలైతే పదీ కలిసి ఒక్కదాని లెక్కే. ఖర్చు తగ్గుతుందని పదేసి పురుగులు కలిపి నూరితే ఉందో లేదో తెలుస్తుంది, ఎన్నింటికుందో తెలియదు.

తెల్లదోమలో మరో సంగతి. దానిలో వోల్బాకియాతో పాటు రికెట్సియా, కార్డీనియం, ఆర్సెనోఫోనస్, హామిల్టోనెల్లా కూడా ఉండవచ్చు. డబ్ల్యూ-స్పెక్ వాటిని చూడదు. "వోల్బాకియా దొరకలేదు" అన్నది "బ్యాక్టీరియా లేదు" కాదు.

ప్రశ్న: అయితే అన్ని బ్యాక్టీరియాలనూ పట్టే 16ఎస్ ప్రైమర్లు వాడితే పోలేదా?
– హైదరాబాద్ నుంచి

జవాబు: వాడితే ప్రతి పురుగూ పాజిటివే. పేగులో బ్యాక్టీరియా లేని పురుగు అరుదు. బొద్దింకకైతే కొవ్వు కణాల్లో బ్లాటాబ్యాక్టీరియం పుట్టుకతోనే ఉంటుంది. టాక్ ఎంజైమును తయారు చేసేదే ఈ-కోలైలో కాబట్టి దాని డీఎన్ఏ ఆనవాళ్లు నీళ్ల లేన్‌లో కూడా తేలతాయి. అవి సీక్వెన్సింగ్ కేంద్రానికి పంపి వేలాది ముక్కలు ఒకేసారి చదివించే పనికి పనికొస్తాయి, జెల్ మీద అవును కాదు తేల్చడానికి కాదు.

ప్రశ్న: డెంగీ దోమలో వోల్బాకియా పెడుతున్నారని చదివాం. మా ఇంటి దగ్గరి ఈడిస్‌లో పరీక్షిస్తే బ్యాండ్ వచ్చింది. సంతోషించవచ్చా?
– గృహిణి, విజయవాడ. కూతురు బయోటెక్నాలజీ విద్యార్థిని

జవాబు: ముందు దోమను మళ్లీ చూడండి. వీపు మీద తెల్లగా వీణ ఆకారం ఉంటే ఈడిస్ ఈజిప్టై, నడుమ ఒకే తెల్లటి నిలువు గీత ఉంటే ఈడిస్ ఆల్బోపిక్టస్. రెండోదానిలో వోల్బాకియా సహజంగానే ఉంటుంది, సాధారణంగా రెండు రకాలు కలిసి. ఈజిప్టైలో సహజంగా ఉందంటూ కొన్ని దేశాల నుంచి వ్యాసాలు వచ్చాయి కానీ, వాటిపై వాదం తెగలేదు. కాబట్టి ఈజిప్టైలో మీకు బ్యాండ్ వస్తే, దాని సీఓ1 సీక్వెన్స్‌తో జాతి ఖాయం చేసుకుని, కొత్త దోమలతో మళ్లీ చేసి, తల్లి నుంచి పిల్లలకు దిగుతోందని చూపాకే నమ్మండి.

పెట్టడం మాట నిజమే. ఇండొనేషియాలోని యోగ్యకర్తలో అలాంటి దోమలను వదిలిన ప్రాంతాల్లో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో ప్రచురించారు. మన దేశంలో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఇలాంటి ఈజిప్టై దోమలను తయారు చేసినట్టు 2022లో ప్రకటించింది. అక్కడ ఎక్కించినవి ఎంచుకున్న రకాలు, వైరస్‌ను దోమలో పెరగనివ్వనివి. మీ పెరటి దోమలో ఏదో వోల్బాకియా ఉన్నంత మాత్రాన డెంగీ ఆగదు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు వారానికోసారి పారబోయడం మానవద్దు.

ప్రశ్న: స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిందని అనుమానం. ఆ నల్లిని పట్టి ఇచ్చాం, మీరు చెప్పే పీసీఆర్‌తో పరీక్షిస్తే జబ్బు తెలుస్తుందా?
– చిత్తూరు జిల్లా నుంచి

జవాబు: ఆ నల్లిని (మంచం నల్లి కాదు, మైట్ అనే సన్న జీవి) పక్కన పెట్టి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఈ రోజే. జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో బెల్టు కింద నల్లటి పెచ్చు ఉందేమో చూసి చెప్పండి. డాక్టరు రక్తంతోనో ఆ పెచ్చుతోనో పరీక్ష చేయిస్తారు, అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు.

నల్లి సంగతి ఆసక్తి కోసం చెప్పాలంటే, వోల్బాకియా ప్రైమర్లు ఇక్కడ పనికిరావు. ఈ జబ్బుకు కారణం ఓరియన్షియా సుత్సుగముషి. దాన్ని 56 కేడీఏ జన్యువు ముక్కతో వెతుకుతారు, పరిమాణం తక్కువ కాబట్టి రెండు దఫాల నెస్టెడ్ పీసీఆర్ చేస్తారు. కుట్టేది లార్వా ఒక్కటే, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. సాధారణంగా ఎలుకల చెవుల్లోంచి పీకి, చాలావాటిని కలిపి పరీక్షిస్తారు. అక్కడా అదే మెలిక. ఎలుక మీద కణజాల ద్రవం తాగి ఉబ్బిన లార్వాలో బ్యాండ్ వస్తే అది నల్లిదో ఎలుకదో తెలియదు. ఏ జంతువు మీదా ఎక్కకుండా గడ్డి కొసన కాచుకుని కూర్చున్న లార్వాలో వస్తేనే అది నల్లి మోస్తున్న బ్యాక్టీరియా అనగలం.